చైనీస్ నేర్చుకునే పిల్లలకు చేయూత



చదువు సహాయం కోరుతూ మాకు వచ్చే దరఖాస్తుల్లో మాండరిన్, అంటే చైనీస్ భాష, నేర్చుకుంటామన్న కోరిక ఇప్పుడు కనిపిస్తోంది. దానికి కారణం ఉంది. వైద్యవిద్యకు చైనా వెళ్లిన మన పిల్లలకు పాఠాలు ఇంగ్లీషులో జరిగినా, ఆసుపత్రిలో రోగి మాట్లాడేది చైనీసే. నొప్పి ఎక్కడో రోగి చెప్పింది అర్థం కాకపోతే ఎంత చదివీ ఏం లాభం? అందుకే అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు హెచ్.ఎస్.కె. పరీక్షలో నాలుగో స్థాయి అడుగుతాయి. ఆరు స్థాయిల పద్ధతిలో దానికి 1,200 మాటలు రావాలి.

ఇది కొద్ది వారాల్లో వచ్చే భాష కాదు. తెలుగులో దీర్ఘం ఇస్తే 'పలు' కాస్తా 'పాలు' అవుతుంది. మాండరిన్‌లో గొంతు ఎత్తినా దించినా అర్థం మారిపోతుంది. 'మా' అన్న ఒక్క మాటే పలికే తీరును బట్టి అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అవుతుంది. అక్షరమాల లేదు కనుక రాతలో ఒక్కో గుర్తునూ విడిగా నేర్చుకోవాలి. గురువు దగ్గర విని, రోజూ పలికితేనే వస్తుంది.

కాలేజీ ఫీజు, విమానం టికెట్టు అందరూ లెక్కవేస్తారు. భాషకయ్యే ఖర్చు మాత్రం లెక్కలోకి రాదు. ప్రయాణానికి ముందే ఒక్క విద్యార్థికి ఏడాది భాషా శిక్షణ ఇప్పించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాం. మీరు కట్టిన ఫీజు అప్పుడే పూర్తిగా ఫలిస్తుంది.