కిన్నెరసాని గుట్టల్లో కాలినడక

పాల్వంచ దాటి యానంబైలు వైపు తిరిగాక దారికి రెండు పక్కలా టేకు చెట్లు దగ్గరపడతాయి. సుమారు పన్నెండు కిలోమీటర్లు వెళ్లేసరికి కిన్నెరసాని ఆనకట్ట వస్తుంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కట్ట మీద ఫొటోలు దిగి, జింకల పార్కు చూసి, పడవెక్కి, మధ్యాహ్నానికల్లా భద్రాచలం దారి పడతారు. రాములవారి దర్శనానికి వెళ్తూ కలిసొచ్చిన మజిలీగానే చాలామందికి ఈ జలాశయం తెలుసు. నీళ్ల వెనక ఒకదాని వెంట ఒకటిగా లేచిన గుట్టల్ని మాత్రం దూరం నుంచి చూసి వదిలేస్తారు. కిన్నెరసాని అసలు సొగసు ఆ గుట్టల్లో ఉంది. దాన్ని చూడాలంటే నడవాలి.

కిన్నెరసాని గోదావరికి కుడివైపు ఉపనది. తాడ్వాయి, మేడారం ప్రాంతపు కొండల్లో పుట్టి, గుండాల అడవుల మీదుగా ఆగ్నేయానికి దిగి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. తెలుగు పాఠకులకు ఈ వాగును దగ్గర చేసింది విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’. అత్తింటి ఆరళ్లు పడలేక అడవికి వెళ్లిపోయిన కోడలు వాగై పారిందనీ, ఆమె కోసం విలపించిన భర్త రాయై నిలిచిపోయాడనీ అందులో కథ. వాగునీ గుట్టనీ భార్యాభర్తలుగా ఊహించడం ఎంత సహజమో ఇక్కడి అడవిలో కాసేపు తిరిగితే తెలుస్తుంది.

1960వ దశకంలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం అవసరాల కోసం ఈ వాగు మీద ఆనకట్ట కట్టారు. జలాశయం పూర్తి నీటిమట్టం 407 అడుగులు. నీళ్లు నిండాక పల్లపు నేల మునిగిపోయి, గుట్టల తలలు దీవులుగా మిగిలాయి. ఆ దీవుల మీద ఇప్పటికీ చెట్లున్నాయి. 1977లో చుట్టుపక్కల 635 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. చుక్కల దుప్పి, కణుజు, అడవి దున్న, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత ఇక్కడి కాపురస్థులు. జలాశయంలో మొసళ్లున్నాయి. కాబట్టి అలసిపోయి వచ్చి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలనే కోరికను ఒడ్డునే వదిలేయాలి.

అభయారణ్యం అన్నాక నడకకు షరతులుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో సరస్సుల చుట్టూ ఉన్న కొండల మీద ఎవరికివారు పటం పట్టుకుని తిరుగుతారు. అక్కడి కొండల మీద ఎదురయ్యేవి ఎక్కువగా గొర్రెల మందలు. ఇక్కడ మలుపులో ఎలుగుబంటి ఎదురు కావచ్చు. అందుకే అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్లు చూపిన బాటలో, వాళ్లు పంపిన మనిషి వెంట నడవడమే పద్ధతి.

ఈ గుట్టలు ఎత్తులో హిమాలయాలకు దీటు కావు. అయినా కాళ్లకు మంచి పరీక్షే పెడతాయి. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి విసనకర్రలంత టేకు ఆకులు రాలి బాటను కప్పేస్తాయి. వాటి కింద గులకరాళ్లు కనబడవు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే కాలు జారుతుంది. చేతికర్ర ఉంటే అడుగు వేసే ముందు నేలను తట్టి చూసుకోవచ్చు. ఎండుటాకుల చప్పుడు జంతువులకు చాలా దూరం వినిపిస్తుంది. గుంపుగా మాట్లాడుకుంటూ నడిచేవారికి కోతులు తప్ప ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. వేసవి దగ్గరపడి నీటిమట్టం తగ్గినప్పుడు ఒడ్డున తడి మట్టి బయటపడుతుంది. రాత్రి నీళ్లకు వచ్చిన జంతువుల గిట్టల ముద్రలు అందులో అచ్చుగుద్దినట్టు ఉంటాయి. జంతువు కనిపించలేదని బాధపడేవారు ఆ బురద దగ్గర ఒక అరగంట కూర్చుంటే చాలు, బోలెడు తెలుస్తుంది.

ఈ ప్రాంతాన్ని ప్రపంచానికి చెప్పినవాళ్లు కూడా తిరిగి చూసినవాళ్లే. భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. సింగరేణి గనుల చరిత్ర అక్కడే మొదలైంది. ఆ తర్వాత 1940ల తొలినాళ్లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోదావరి ఒడ్డున పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన గ్రంథం 1945లో వెలువడింది. అడవి దున్నల పేరు మీద ఆయన ఆ కొండల్ని ‘బైసన్ హిల్స్’ అన్నారు. కొండరెడ్ల ఊళ్లు కొండవాలుల్లో ఉంటే, కోయగూడేలు ఎక్కువగా వాగుల వెంట ఉంటాయి. ఎండాకాలంలో వాగు ఎండితే ఇసుకలో చెలిమ తవ్వి నీళ్లు తోడుకోవడం కోయలకు తరతరాల విద్య.

వాళ్ల పనులను బట్టే అడవిలో నడక కాలాన్ని కూడా నిర్ణయించుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున గూడెం ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. అదే పువ్వు కోసం ఎలుగుబంట్లూ వస్తాయి. ఆ నెలల్లో చీకటి విడవకముందే బయల్దేరడం కొత్తవాళ్లకు తగదు. తునికాకు కోతకొచ్చే నాటికి ఎండ ముదురుతుంది. కొత్తగూడెం, భద్రాచలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజుల్లో గుట్ట ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఏ కాలంలోనైనా దోమల నుంచి జాగ్రత్త తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఎన్ని ఇళ్లలో దుఃఖం నింపిందో ఈ జిల్లా మరిచిపోలేదు.

అడవిలో అందరికన్నా ఎక్కువ నడిచేది అటవీ సిబ్బందే. నాలుగేళ్లకోసారి దేశమంతా జరిగే పులుల గణనలో ఒక్కో బీట్‌లో రోజుకు ఐదు కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు నడిచి పాదముద్రలు, పెంటికలు, చెట్ల మీద గోళ్ల గీతలు నమోదు చేస్తారు. ఆపైన రెండు కిలోమీటర్ల తిన్నని గీత మీద మూడు పొద్దులు నడిచి దుప్పుల్లాంటి శాకాహార జంతువుల్ని లెక్కపెడతారు. ఎన్ని కెమెరాలు వచ్చినా ఈ నడక తప్పలేదు. వాళ్లకున్న అడవి జ్ఞానంలో కొంతైనా సందర్శకులకు అందితే కిన్నెరసాని విలువ పదింతలవుతుంది.

దీనికి నమూనా వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే మారేడుమిల్లి వస్తుంది. అక్కడ వన సంరక్షణ సమితి ద్వారా గిరిజనులే అడవి విడిది నడుపుతున్నారు. వచ్చినవారికి బస, భోజనం, దారి చూపే మనిషి అక్కడే దొరుకుతాయి. డబ్బు ఊళ్లోనే ఉంటుంది. కిన్నెరసాని చుట్టూ ఇలాంటి చిన్న బాటలు నాలుగైదు ఏర్పాటు చేసి, కోయ యువకులకు శిక్షణ ఇచ్చి అప్పగిస్తే బాగుంటుంది. కొత్త కాటేజీల కన్నా ముందు జరగాల్సిన పని ఇదే. ఏ చెట్టు పట్ట దేనికి మందో, ఏ పిట్ట అరిస్తే అడవిలో ఏం కదిలిందో బోర్డు మీద రాస్తే తెలియదు. పక్కన నడిచేవారు చెప్పాలి.

వెళ్లాలనుకునేవారు రైల్లో వస్తే భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగాలి. పేరు అదే అయినా స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి పాల్వంచ దగ్గరే. అనుమతి సంగతి పాల్వంచలోని వన్యప్రాణి విభాగం కార్యాలయంలో ముందురోజే మాట్లాడుకోవాలి. మడమను పట్టి ఉంచే బూట్లు, మట్టిరంగు బట్టలు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉంటే చాలు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండు కాకుండానే తిరిగి కట్ట మీదికి చేరుకోవచ్చు. గుట్ట ఎక్కడం అలవాటు లేనివారు ఒక వారం ముందు ఖమ్మం ఖిల్లా మెట్లు రోజూ ఎక్కి దిగితే కాళ్లు సిద్ధమవుతాయి.