భద్రపరచిన వాఙ్మూలాలు – పరిశోధనా శిక్షణ

సమాజాన్ని తెలుసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి లెక్కించడం, రెండవది ఆలకించడం. ఒక పట్టణంలో ఎంతమంది వృద్ధులు ఒంటరిగా జీవిస్తున్నారో లెక్కలు చెబుతాయి. ఆ ఒంటరితనాన్ని వారెలా భరిస్తున్నారో మాత్రం వారి నోటనే వినాలి. ఈ రెండవ మార్గానికే గుణాత్మక పరిశోధన అని పేరు.

ఈ విద్యను నేర్పడంలో ఒక చిక్కు ఉంది. ఏ శిక్షణా లేని విద్యార్థిని నేరుగా ప్రజల మధ్యకు పంపితే, అతడు తెలియక వేసిన ప్రశ్న ఎవరి పాత గాయాన్నో రేపవచ్చు. పైగా అతడు విన్నది అతనికొక్కడికే తెలుసు గనుక, అతని పొరపాటును ఉపాధ్యాయుడు పట్టుకోలేడు. అందుచేత పూర్వం ఇతరులు జరిపి భద్రపరచిన ఇంటర్వ్యూలను విద్యార్థుల చేతికిచ్చి నేర్పే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది.

ఇందుకు బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. సర్వేల సమాచారాన్ని భద్రపరిచే భాండాగారం అక్కడ 1967లోనే ఏర్పడింది. ఇంటర్వ్యూల వంటి సామగ్రి కోసం 1994లో 'క్వాలిడేటా' అనే విభాగం వెలసింది. పాల్ థాంప్సన్ అనే చరిత్రకారుడు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందరి కుటుంబ జీవితాన్ని గురించి సుమారు 450 మంది వృద్ధుల చేత చెప్పించిన జ్ఞాపకాలు అక్కడ ఉన్నాయి. వాటి ఆధారంగా ఆయన రాసిన గ్రంథం 1975లో వెలువడింది. పీటర్ టౌన్సెండ్ 1950వ దశకం చివర 173 వృద్ధాశ్రమాలను దర్శించి సేకరించిన సమాచారం కూడా అక్కడే ఉంది. అర్ధ శతాబ్దం తరువాత కొందరు పరిశోధకులు ఆ కాగితాలను చేతబట్టుకొని, వాటిలోని కొన్ని ఆశ్రమాలకు తిరిగి వెళ్ళి మార్పులను పరిశీలించి, 2010లో పుస్తకం ప్రచురించారు. భద్రపరచిన మాట ఎంతకాలం పనికివస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తరగతిలో చేయించే పని

మొదట విద్యార్థులు రికార్డును వింటూ దాని లిఖిత ప్రతిని చదువుతారు. చెప్పేవారి మౌనం, నిట్టూర్పు, నవ్వు కాగితం మీదికి రాలేదని వారికి తెలిసివస్తుంది. పిదప ప్రశ్నలను పరిశీలిస్తారు. "మీ నాన్నగారు చాలా కఠినులు కదా?" అంటే జవాబు ప్రశ్నలోనే ఉన్నది. "మీ నాన్నగారిని గురించి చెప్పండి" అంటే చెప్పేవారికి దారి తెరిచినట్లు. ఆ తరువాత ఒకే ఇంటర్వ్యూను ఇద్దరు విద్యార్థులు వేరువేరుగా చదివి, ముఖ్యాంశాలను గుర్తించి, పోల్చి చూసుకుంటారు. ఉపాధ్యాయుడు కూడా అదే ప్రతిని చదివి ఉంటాడు గనుక, ఎవరు తమ అభిప్రాయాన్ని ఇతరుల నోట పెట్టారో ఇట్టే తేలిపోతుంది.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. సందేహం కలిగినా చెప్పినవారిని మళ్ళీ అడగలేము. అందుకే ఎవరు అడిగారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఉద్దేశంతో అడిగారు అన్న వివరాలు లేని ఇంటర్వ్యూ సగం విలువ కోల్పోతుంది.

ఈ మాట ముస్లిం విద్యార్థికి కొత్త కాదు. హదీసువేత్తలు మతనుతో పాటు సనదును కూడా పరీక్షించారు. ఉల్లేఖకుల జీవితాలను శోధించడానికి 'అస్మాఉర్రిజాల్' అనే శాస్త్రాన్నే నిర్మించారు. వార్తను నిర్ధారించుకోమని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తున్నది. కాని రెండింటినీ ఒకటిగా భావించరాదు. హదీసు ధర్మానికి ఆధారం. ఇంటర్వ్యూ సామాన్య మానవుని జ్ఞాపకం. హదీసువేత్త బలహీన ఉల్లేఖనాన్ని వేరుచేస్తాడు. పరిశోధకుడు పొరపాటు జ్ఞాపకాన్ని సైతం అట్టే పెట్టుకొని, అది అలా ఎందుకు నిలిచిందని ఆలోచిస్తాడు.

మాట ఒక అమానతు

అన్నిటికంటె ముఖ్యమైన పాఠం నమ్మకానికి సంబంధించినది. ఉత్తర ఐర్లండ్ సాయుధ సంఘర్షణలో పాల్గొన్నవారి వాఙ్మూలాలను అమెరికాలోని బోస్టన్ కాలేజీ కోసం 2001 నుండి 2006 వరకు రికార్డు చేశారు. తాము జీవించి ఉన్నంతకాలం అవి బయటికి రావన్న నమ్మకంతో వారు నోరు విప్పారు. కాని 2011లో బ్రిటిష్ పోలీసుల కోరికపై ఆ టేపుల కోసం సమన్లు జారీ అయ్యాయి. న్యాయస్థానాల తీర్పుల అనంతరం 2013లో కొన్ని పోలీసుల చేతికి చేరాయి. నిలుపుకోలేని వాగ్దానం చేయరాదన్న సత్యాన్ని ఈ ఉదంతం కంటె బాగా ఏ పాఠ్యపుస్తకం బోధించగలదు?

1948 నాటి హైదరాబాదును కళ్ళారా చూసిన పెద్దలు నేడు ఎనభై ఏళ్ళు దాటి ఉన్నారు. వారి మాటలను రికార్డు చేయదలచిన యువకులు ముందుగా ఇతరులు భద్రపరచినవాటిని విని, అడగడం నేర్చుకోవాలి. తేదీ, స్థలం రాసుకోవాలి. ఆ మాటలు ఎవరు వింటారో పెద్దలకు విడమరచి చెప్పి, వారి సమ్మతి పొందాలి. వద్దన్న మాటను వదిలివేయడం కూడా అమానతును కాపాడడమే.