మధ్యలో ఆగిన చదువు ఎవరి ఖాతాలో?

ఎర్రగుంట్ల దగ్గర చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, మైలవరం మండలంలో మరో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నాయి. ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, వెల్డరో అయితే వీటిలో ఏదో ఒక గేటు తెరుచుకుంటుందన్న ఆశతోనే ఈ చుట్టుపక్కల ఎస్సీ కాలనీల పిల్లలు ఐటీఐలలో, స్కిల్ సెంటర్లలో చేరతారు. ఆగస్టులో తరగతులు మొదలవుతాయి. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి నల్లరేగడి చేలల్లో పప్పుశనగ కోతలు. నాన్న మంచాన పడితే, అమ్మ ఒక్కతే కూలికి పోతుంటే, అక్క కాన్పుకు వస్తే, అప్పులోడు ఇంటి ముందు కూర్చుంటే క్లాసులో ఒక బెంచీ ఖాళీ అవుతుంది. నెల, రెండు నెలలు. కొన్నిసార్లు ఏడాది.

ఆ పిల్లవాడు చదువు మానలేదు, ఆపాడు. రిజిస్టరులో మాత్రం ఈ రెంటికీ తేడా ఉండదు.

ఐటీఐలో ఆలిండియా ట్రేడ్ టెస్టు రాయాలంటే 80 శాతం హాజరు కావాలి. ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే 50 రోజులకు మించి మానకూడదు. ఒక్క కోతల సీజనుతోనే ఆ 50 రోజులూ అయిపోతాయి. ఆ తర్వాత జ్వరం వచ్చినా తప్పే. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కూ 75 శాతం హాజరు షరతు ఉంది. ఆ పథకం నియమాల్లో ఇంకో మాట కూడా ఉంటూ వచ్చింది: ఏడాది మధ్యలో చదువు ఆపేస్తే అప్పటిదాకా ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమని రాష్ట్ర ప్రభుత్వం అడగవచ్చు. ఇంట్లో డబ్బు లేకే ఆగినవాడిని డబ్బు కట్టమనడం!

ఇప్పుడు సంస్థ వైపు నుంచి చూద్దాం. ఒక బ్యాచ్‌లో 30 మంది చేరారనుకోండి. ఆరుగురు మధ్యలో ఆగారు. మిగిలిన 24 మంది పరీక్ష రాస్తే 22 మంది పాసయ్యారు. పరీక్ష రాసినవాళ్లలో లెక్కేస్తే దాదాపు 92 శాతం. బ్యానరు మీద వేసుకునే అంకె అదే. చేరినవాళ్లలో లెక్కేస్తే 73 శాతమే. ఆగిన ఆరుగురిలో నలుగురు మరుసటి ఏడాది తిరిగొచ్చి, ముగ్గురు పాసయ్యారనుకోండి. అప్పుడు 30కి 25, అంటే 83 శాతం. ఒకే బ్యాచ్‌కు మూడు అంకెలు. ఆ ముగ్గురి శ్రమ కనిపించేది మూడో అంకెలోనే. దాన్ని లెక్కగట్టే అలవాటే మనకు లేదు.

స్వల్పకాలిక శిక్షణల్లో ఈ లెక్క నేరుగా డబ్బుతో ముడిపడింది. 2014లో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఖర్చులో సగం ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించాలి. శిక్షణ ఇచ్చే సంస్థకు డబ్బు 25, 50, 15, 10 శాతం చొప్పున విడతలుగా వస్తూ వచ్చింది. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపించాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండో దశలోనూ అంతే: బ్యాచ్ మొదలైనప్పుడు 30, సర్టిఫికెట్ వచ్చాక 50, ఉద్యోగం చూపాక 20. అంటే మధ్యలో ఆగిన ప్రతి విద్యార్థీ సంస్థకు నష్టమే.

నష్టం వస్తుందంటే ఎవరైనా ఏం చేస్తారు? కొందరు బయోమెట్రిక్ దగ్గర అడ్డదారులు వెతుకుతారు. అంతకన్నా ప్రమాదకరమైనది అడ్మిషన్ దగ్గరే జరిగే వడపోత. ‘మీ నాన్న ఏం పని చేస్తాడు?’, ‘వలస పోతారా?’, ‘పెళ్లి సంబంధాలు చూస్తున్నారా?’ అని అడిగితే చాలు. కులం పేరెత్తకుండానే, భూమి లేని మాల, మాదిగ కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బయటే నిలబడిపోతారు. సాధన శాతం మాత్రం పెరుగుతుంది. అందుకే ఒక సంస్థకు 95 శాతం అని చదివినప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం, ఎవరిని చేర్చుకోలేదు అని.

ఆగడానికి చోటివ్వలేమా? ఇంగ్లాండులో అప్రెంటిస్‌షిప్‌కు ‘బ్రేక్ ఇన్ లెర్నింగ్’ అని ఒక నమోదు ఉంది. విద్యార్థి తిరిగి వస్తానని చెప్పి ఆగితే సంస్థకు ఆ కాలానికి నిధులు రావు, కానీ అతణ్ణి వెంటనే విఫలుడిగా రాయరు. తిరిగొస్తే ముందూ వెనకా కలిపి ఒకే చదువుగా లెక్కిస్తారు. రాకపోతే చివరికి సంస్థ శాతంలోంచి తగ్గుతుంది. మానేసినవాళ్లను విరామం పేరుతో దాచే వీలు అందులోనూ ఉంది కాబట్టి దాని మీద నిఘా కావాలి. అయినా ‘ఆగాడు’ అని రాసుకోవడానికి ఒక గడి ఉంది.

అంత దూరం పోనక్కర్లేదు. మన అప్రెంటిస్‌షిప్ నియమాల్లోనే, 1992 నాటివాటిలో, అనారోగ్యం వల్లో తన చేతిలో లేని మరో కారణం వల్లో ట్రేడ్ అప్రెంటిస్ గడువులో పూర్తి చేయలేకపోతే, శిక్షణ కాలాన్ని యాజమాన్యం పొడిగించాలని ఉంది. అప్రెంటిస్ చట్టంలోని 3ఎ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాల్లో రిజర్వేషన్ ఇస్తుంది. 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. సిమెంటు ఫ్యాక్టరీలూ ఇందులోకి వస్తాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేసే నియమం తరగతి గది దగ్గర ఎందుకు ఉండకూడదు? 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరి చదువూ ఆగినప్పుడు పరీక్షలు వాయిదా వేశారు, ఎవరినీ డ్రాపౌట్ అనలేదు కదా.

1917లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి ఒక విద్యార్థి చదువు మధ్యలో ఇండియాకు వచ్చేశాడు. బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి కొనసాగించవచ్చని విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. ఆయన ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టి 1920లో వెళ్లాడు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ. మన లెక్క ప్రకారం 1917లో అంబేడ్కర్ డ్రాపౌట్.

మీ మండలంలోని శిక్షణ సంస్థల గురించి సమాచార హక్కు కింద అడిగేటప్పుడు పాస్ శాతం ఒక్కటే అడగకండి. గత మూడేళ్లలో బ్యాచ్‌ల వారీగా ఎంతమంది చేరారు, ఎంతమందిని హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వలేదు, ఎంతమందికి పేరు కొట్టేశారు, వాళ్లలో ఎంతమంది తిరిగి చేరారు అని అడగండి. ప్రతి అంకెనూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల వారీగా విడదీసి ఇమ్మనండి. తిరిగి చేరినవాళ్ల అంకె తమ దగ్గర లేదని జవాబు వస్తే, దాన్ని కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.