బడిలో ఆనందం ఎక్కడుంది?

మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ ప్రాథమిక పాఠశాల టీచరమ్మ ఉన్నారా? సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం ఎప్పుడైనా గమనించారా? "ఆమెకేం, నెల తిరిగేసరికి జీతం" అనుకుంటాం. మరి ఆనందం జీతంతోనే వస్తుందా?

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, తన సహచరులతో కలిసి సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక పుస్తకం వెలువరించారు. జీతం, వసతులు, పైఅధికారుల తీరు బాగులేకపోతే అసంతృప్తి కలుగుతుంది. అయితే అవి బాగున్నంత మాత్రాన తృప్తి కలగదు. చేసిన పనికి ఫలితం కనబడాలి, దాన్ని నలుగురూ గుర్తించాలి. ఇదీ వారు తేల్చిన విషయం.

మన సీమ పల్లెల్లో ఈ మాట ఎంత నిజమో చూడండి. కర్నూలు పడమటి ప్రాంతంలోని కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వంటి మండలాల నుంచి ఎన్నో కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి వెళతాయి. వెంట పిల్లలూ వెళతారు. జూన్ నుంచి చేయి పట్టి దిద్దించిన పిల్లవాడి చోటు సంక్రాంతి తర్వాత ఖాళీ! తిరిగి వచ్చేసరికి గుణింతాలు మరచిపోయి ఉంటాడు. జీతం పెరిగితే తీరే బాధ కాదిది.

పనిభారం మరొకటి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనకు సంబంధం లేని పనులు అప్పగించరాదంటుంది. అయినా ఒకే టీచరు 5 తరగతులు నడిపే బళ్లు ఉన్నాయి. అక్కడ జ్వరం వచ్చినా సెలవు పెట్టడానికి మనసొప్పదు. వసతులు, నియామకాలు ప్రభుత్వం చూడవలసినవి. గుర్తింపు మాత్రం మన చేతిలోనే ఉంది.

సుగ్గికి వెళ్లే కుటుంబం మీకు తెలుసా? పిల్లవాణ్ణి అవ్వాతాతల దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో వదిలి వెళ్లమని నచ్చజెప్పండి. "టీచరమ్మా, మావాడు నిన్న బస్సు బోర్డు తానే చదివాడు" అని ఒక్క మాట చెప్పిరండి. ఇంట్లోవారైతే, ఆమె రాగానే వంటింటి పని సగం అందుకోండి.

ఆ సాయంత్రం ఆమె ముఖం మరోసారి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.