నాకు భయం వేస్తోందని స్పానిష్‌లో ఎలా చెప్పాలి?

కర్నూలు, కడప పిల్లలకు స్పానిష్ ఎందుకు అంటారా? పక్కనే ఉన్న అనంతపురానికి 1969లో విసెంటె ఫెర్రర్ వచ్చారు. ఆయన పుట్టింది బార్సిలోనాలో. ఆయన సంస్థ ఆర్డీటీ అండతో చదువుకునే మన సీమ పిల్లలకు స్పెయిన్ దాతల నుంచి ఉత్తరాలు వస్తాయి. జవాబులో మన సంతోషం, బెంగ వాళ్ల స్పానిష్‌లోనే చెప్పగలిగితే ఎంత బాగుంటుంది!

భావాలు చెప్పే విషయంలో తెలుగువాళ్లకు స్పానిష్ ఇంగ్లీషుకన్నా దగ్గర. మనం "నాకు నచ్చింది", "నాకు భయం వేస్తోంది" అంటాం. మనసులోని భావం మనకు కలుగుతుంది, మనం చేసే పని కాదు. స్పానిష్‌లోనూ చాలాచోట్ల అంతే. "మే గుస్తా" అంటే నాకు నచ్చుతుంది. "మే ద మియేదో" అంటే నాకు భయం వేస్తుంది. ఆ "మే" మన "నాకు"లాంటిదే.

తడబడేది ఇంకోచోట. సంతోషంగా ఉంటే అబ్బాయి "ఎస్తోయ్ కొంతెంతో" అనాలి, అమ్మాయి "ఎస్తోయ్ కొంతెంతా" అనాలి. "ఉన్నాను" అనడానికి రెండు క్రియలున్నాయి: అప్పటి స్థితికి "ఎస్తోయ్", స్వభావానికి "సోయ్". అబ్బాయి "ఎస్తోయ్ అబుర్రీదో" అంటే విసుగొచ్చిందని. "సోయ్ అబుర్రీదో" అంటే మాత్రం నేనే విసుగు పుట్టించే మనిషినని! ఈ తేడా మొదట్లోనే గట్టిగా పట్టుకోవాలి.

రోజుకో భావాన్ని పైకి పలకండి. ఈరోజు "మే గుస్తా"తో మొదలుపెట్టండి.