బోర్డు మీది పేరు కాదు.. అగ్రిమెంటులో పేరు వెతకండి!

మన ఊళ్లో వంద గజాల స్థలం కొనాలన్నా ముందు ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాం. కెనడా వచ్చాక మాత్రం మోడల్ హోమ్‌లో వంటగది చూసి మురిసిపోయి డిపాజిట్ చెక్కు రాసేస్తున్నాం.

మా బావమరిది టొరంటో శివార్లలో కొత్త ఇల్లు బుక్ చేస్తానంటే తోడు వెళ్లాను. సేల్స్ ఆఫీసు బోర్డు మీదున్న పేరును ఫోన్‌లో ‘అంటారియో బిల్డర్ డైరెక్టరీ’లో వెతికాను. ఏ మచ్చా లేదు. ‘ఇంకేం బావా, సంతకం పెట్టేస్తాను’ అన్నాడు. తీరా అగ్రిమెంటు చూస్తే అమ్మేవారి పేరు వేరే ఉంది. అంకెలతో మొదలయ్యే కంపెనీ! దాన్ని వెతికితే లైసెన్సు మీద షరతులు కనిపించాయి. చెక్కు జేబులోనే ఉండిపోయింది.

ఈ డైరెక్టరీని నడిపేది హోమ్ కన్‌స్ట్రక్షన్ రెగ్యులేటరీ అథారిటీ. అంటారియోలో కొత్త ఇళ్లు కట్టేవారికి, అమ్మేవారికి లైసెన్సులు ఇచ్చేది ఇదే. 2021 ఫిబ్రవరి 1న పని మొదలుపెట్టింది. అంతకుముందు ఇళ్లకు వారంటీ చూసే టారియన్ సంస్థే బిల్డర్ల వ్యవహారమూ చూసేది. డైరెక్టరీలో కొనేవాళ్లకు కావలసిన సమాచారం పూర్తిగా లేదని 2019లో ప్రావిన్స్ ఆడిటర్ జనరల్ నివేదిక తప్పుబట్టింది.

ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లైసెన్సు ఉందా, రద్దయిందా, షరతులున్నాయా, కేసులు పెట్టారా, శిక్ష పడిందా, ఎన్ని ఇళ్లు కట్టారు అన్నవి తెలుస్తాయి. మన దగ్గరి రెరా వెబ్‌సైటు లాంటిదే అనుకోండి. అల్బర్టా, బ్రిటిష్ కొలంబియాల్లోనూ బిల్డర్ల వివరాలు చూసుకునే వీలుంది.

డిపాజిట్‌కు టారియన్ రక్షణ ఎలాగూ ఉంటుందిలే అని ధీమా పడొద్దు. ఇల్లు 6 లక్షల డాలర్లు దాటితే ఆ రక్షణ ధరలో 10 శాతం వరకే. అదీ లక్ష డాలర్లకు మించదు. కొత్త కాండోకైతే సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 10 రోజుల గడువుంటుంది. ఆ రోజుల్లోనైనా అగ్రిమెంటులోని ప్రతి కంపెనీ పేరూ వెతకండి, లాయరుకు చూపించండి.

ఇంకో మాట. రికార్డు శుభ్రంగా ఉందంటే తప్పు జరగలేదనే కాదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదనీ కావచ్చు. ‘పరాయి దేశంలో మనకెందుకు గొడవ’ అని మనవాళ్లు చాలామంది ఊరుకుంటారు. మనం మాట్లాడకపోతే ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది. రేపు అది చూసి నమ్మేది మనలాంటి మరో కుటుంబమే!