థ్రెడ్-సురక్షిత క్యూ (సీ భాష)

థ్రెడ్-సురక్షిత క్యూ అనగా ఒకే ప్రోగ్రాములో ఏకకాలమున నడచుచున్న పలు థ్రెడ్లు ఒకదానికొకటి దత్తాంశమును (డేటాను) అందించుకొనుటకు ఉపయోగించు వరుస. ముందు చేరినది ముందు వెలుపలికి వచ్చుట క్యూ యొక్క నియమము. ఎన్ని థ్రెడ్లు ఒక్కసారిగా తాకినను ఆ నియమము చెడకుండుట, చేర్చిన ఏ అంశమూ నష్టపోకుండుట, ఒకే అంశము రెండు థ్రెడ్లకు చేరకుండుట అనునవి "థ్రెడ్-సురక్షిత" అను విశేషణమునకు అర్థము. అంశములను చేర్చు థ్రెడ్‌ను ఉత్పాదకుడనియు, తీసుకొను థ్రెడ్‌ను వినియోగదారుడనియు వ్యవహరింతురు.

అవసరము

ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నియు ఒకే మెమొరీని పంచుకొనును. క్యూలోని అంశముల లెక్కకు ఒకటి కలుపుట సీ భాషలో ఒకే వాక్యము. కాని యంత్రస్థాయిలో అది చదువుట, కలుపుట, వ్రాయుట అను మూడు పనులుగా విడిపోవచ్చును. లెక్క 5 ఉన్నదనుకొనుడు. రెండు థ్రెడ్లు ఒకేసారి 5ను చదివి, రెండును 6 అని వ్రాసినచో, 7 కావలసిన లెక్క 6 వద్దనే నిలిచిపోవును. రెండు అంశములును ఒకే గడిలో పడి, మొదటిది చెరిగిపోవుటకు కూడ అవకాశము కలదు. ఇట్టి దోషమును రేస్ కండిషన్ అందురు.

ఈ దోషము పరీక్షలలో వేయిసార్లు కనబడక, వాడుకలో ఒకసారి బయటపడవచ్చును. 1985 - 1987 మధ్య ఉత్తర అమెరికాలో థెరాక్-25 అను రేడియేషన్ చికిత్సా యంత్రము ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన అధిక మోతాదు నిచ్చినది. దానికి కారణములలో రేస్ కండిషన్ ఒకటి. ఆ ప్రోగ్రాము సీ భాషలోనిది కాకున్నను, పంచుకొను మెమొరీని కాపాడకపోవుట వలని ముప్పు ఏ భాషలోనైనను ఒక్కటే.

వోలటైల్ అను కీలకపదమును చేర్చిన చాలునని కొందరు భావింతురు. అది సరికాదు. ఆ పదము కంపైలరు చేయు కొన్ని మార్పులను మాత్రమే నివారించును, థ్రెడ్ల నడుమ పరస్పర నిరోధమును కల్పించదు.

రైలు మార్గముతో పోలిక

హౌరా - చెన్నై ప్రధాన మార్గమున విజయనగరము, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ల నడుమ చీపురుపల్లి స్టేషను కలదు. అబ్సల్యూట్ బ్లాక్ విధానమును పాటించు మార్గములలో ముందున్న స్టేషను "లైన్ క్లియర్" ఇచ్చువరకు వెనుక స్టేషను నుండి రైలును పంపరాదు. అందువలన రెండు స్టేషన్ల నడుమ ఒక పట్టాల జతపై ఒకేసారి ఒక రైలు మాత్రమే ఉండును. క్యూకు వేయు తాళము (మ్యూటెక్స్) చేయు పని ఇదియే. స్టేషనులో లైను ఖాళీ లేనిచో వచ్చిన రైలు హోమ్ సిగ్నల్ వద్ద ఆగవలెను. నిండిన క్యూ వద్ద ఉత్పాదకుడు ఆగుటయు ఇట్టిదే. సెమఫోర్ అను కంప్యూటరు పదము కూడ రైల్వే సిగ్నల్ నుండి వచ్చినదే.

నిర్మాణము

సాధారణముగా ఒక స్ట్రక్చరులో నిర్ణీత పరిమాణము గల అర్రే, తల, తోక, అంశముల లెక్క, ఒక మ్యూటెక్స్, రెండు కండిషన్ వేరియబుల్స్ ఉండును. వాటిలో ఒకటి "చోటు కలదు" అనియు, రెండవది "సరుకు కలదు" అనియు తెలుపును. అంశమును చేర్చు విధానము:

1. మ్యూటెక్స్‌కు తాళము వేయవలెను.
2. క్యూ నిండియున్నంతవరకు "చోటు కలదు" పై వేచియుండవలెను.
3. అంశమును తోక వద్ద ఉంచి, తోకను ఒక గడి జరిపి, అర్రే చివర దాటినచో మరల సున్నకు తెచ్చి, లెక్కను పెంచవలెను.
4. "సరుకు కలదు" పై వేచియున్న ఒక థ్రెడ్‌ను మేల్కొలుపవలెను.
5. తాళము తీయవలెను.

తీసుకొను విధానము దీనికి ప్రతిబింబము. వేచియుండు ఫంక్షను తాళము తీయుటను, నిద్రించుటను విడదీయరాని ఒకే చర్యగా చేసి, మేల్కొనిన పిదప మరల తాళము పొంది తిరిగివచ్చును. ఈ రెంటి నడుమ సందు ఉన్నచో మేల్కొలుపు ఆ సందులో వచ్చి వృథాయై, థ్రెడ్ ఎన్నటికిని లేవకపోవచ్చును.

రెండవ మెట్టున "ఇఫ్" కాక "వైల్" తప్పనిసరి. మేల్కొనిన థ్రెడ్ తాళము పొందులోపల మరొక థ్రెడ్ ఆ చోటును ఆక్రమించవచ్చును. కారణము లేకుండ మేల్కొనుటను కూడ పోసిక్స్ ప్రమాణము అనుమతించును. కావున ప్రతిసారి షరతును మరల పరీక్షించవలెను.

యాజమాన్యము, ముగింపు

సీ భాషలో క్యూ సాధారణముగా పాయింటరును మోయును. తాళము క్యూను కాపాడునే గాని, పాయింటరు చూపు మెమొరీని కాపాడదు. అందుచేత చేర్చిన క్షణమునుండి ఆ మెమొరీ వినియోగదారునిదని నియమము పెట్టుకొందురు. ఉత్పాదకుడు దానిని మార్చరాదు, ఫ్రీ చేయరాదు. ఫంక్షనులోని స్థానిక చరరాశి చిరునామాను క్యూలో ఉంచుట ప్రారంభకులు తరచు చేయు పొరపాటు. ఫంక్షను ముగిసిన పిదప ఆ చిరునామా చెల్లదు.

ప్రోగ్రామును ఆపునపుడు తాళము వేసి "మూయబడినది" అను గుర్తును పెట్టి, వేచియున్న థ్రెడ్లన్నిటిని బ్రాడ్‌కాస్ట్‌తో లేపవలెను. వేచియుండు షరతులో ఈ గుర్తును కూడ పరీక్షించవలెను. వినియోగదారులు మిగిలిన అంశములను పూర్తిచేసి వైదొలగుదురు. థ్రెడ్లన్నియు ముగిసిన పిదపనే క్యూను నాశనము చేయవలెను.

చరిత్ర

ఉత్పాదక-వినియోగదారుల సమస్యను ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965 నాటి రచనలో సెమఫోర్లతో పరిష్కరించెను. టోనీ హోర్ 1974లో మానిటర్లపై వ్యాసమును ప్రచురించెను. పోసిక్స్ థ్రెడ్లు 1995లో ప్రమాణమైనవి. 1996లో మాగెడ్ మైకేల్, మైకేల్ స్కాట్ తాళము లేని క్యూను ప్రకటించిరి. సీ భాషా ప్రమాణమున థ్రెడ్లు 2011లో, అదియు ఐచ్ఛికముగా, చేరినవి. క్యూ మాత్రము ఆ ప్రమాణ లైబ్రరీలో లేదు. జీలిబ్ వంటి లైబ్రరీలలో సిద్ధముగా లభించును. స్వయముగా వ్రాసినవారు థ్రెడ్‌శానిటైజర్, హెల్‌గ్రైండ్ వంటి పరికరములతో పరీక్షించుట మంచిది.